హాజరు తప్పని నాలుగో నంబరు

జేబులో నాలుగు రంగుల కలాలు, గోడ మీద దినచర్య పట్టిక, తలలో ఇంకో డిగ్రీకి సరిపడా ఖాళీ స్థలం. ఈ మూడూ ఉంటే ప్రపంచాన్ని సరిదిద్దవచ్చునని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుండేది. ఇప్పుడు రిటైరయ్యాను. ప్రపంచం జోలికి పోవడం మానేసి, పొద్దున తొమ్మిదింటికి పాత డైరీల దుమ్ము దులపడంతో సరిపెట్టుకుంటున్నాను (దినచర్య పట్టికలో ఇది నాలుగో అంశం; మూడోది రక్తపోటు మాత్ర). పోయిన వారం అలా దులుపుతుంటే ఒక డైరీలోంచి మడతపెట్టిన కాగితం జారిపడింది. గళ్ళు గీసిన కాగితం. ఒక గడిలో ఎర్ర సిరాతో, నా చేతిరాతతోనే, "యంత్రం ఆగి ఉంది. మనిషి లేడు. పిడి ఊగుతోంది" అని ఉంది. కిందకు చూస్తే అదే మాట పదిహేడు గడుల్లో ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఫ్యాను కింద కూర్చున్న నాకు మెడ వెనక సన్నగా చల్లబడింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కోస్తా నుంచి వచ్చి జహీరాబాద్‌లో, ట్రాక్టర్లకు కావలసిన వాషర్లూ క్లిప్పులూ చేసి పంపే ఒక చిన్న షెడ్డులో ఇంజనీరుగా చేరాను. చేరిన ఏడాదికి, ఉద్యోగం చేస్తూనే చదివే ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ పీజీ కోర్సులో కూడా చేరాను. ఆదివారం తెల్లవారకముందే బస్సెక్కి హైదరాబాద్ పోవడం, రోజంతా పాఠాలు వినడం, తిరుగు బస్సులో నేర్చుకున్నదాన్ని పక్క సీటువాళ్ళకు వివరించడం. (రెండు నెలలయ్యేసరికి ఆ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది.) చివరి ఆరు నెలలూ ప్రాజెక్టు. మా షెడ్డులో యంత్రాలు నిజంగా ఎంతసేపు నడుస్తున్నాయి, ఎంతసేపు ఊరికే ఉంటున్నాయి అన్నది తేల్చాలి. పద్ధతి చాలా సులువు. రోజూ ఎనిమిదిసార్లు, ఎవరికీ చెప్పకుండా, షెడ్డులో ఒక చుట్టు తిరిగి రావాలి. చూసిన క్షణంలో ఏ యంత్రం నడుస్తోంది, ఏది ఆగి ఉంది అని మాత్రమే గళ్ళలో రాసుకోవాలి. ఎప్పుడు వెళ్ళాలన్నది మన ఇష్టం కాదు. పుస్తకం వెనక అచ్చువేసిన అంకెల పట్టిక చెబుతుంది. ఆ అంకెలకు ఒక వరసా వావీ ఉండదు కాబట్టి మనం ఎప్పుడొస్తామో దేవుడు కూడా ఊహించలేడని మా గైడు గారు చెప్పారు. దేవుడి సంగతి నాకు తెలియదు గానీ, మా షెడ్డులో ఎవరో ఊహిస్తున్నారని రెండో రోజుకే అర్థమైంది.

షెడ్డులో పదకొండు యంత్రాలు. పది వరసగా ఉండేవి. నాలుగో నంబరు మాత్రం, ఏ పాత అమరికలో అలా మిగిలిందో, అన్నిటికీ దూరంగా చిట్టచివర, వెనక తలుపు పక్కన ఒంటరిగా ఉండేది. అది కరెంటు లేని చేతి ప్రెస్సు. పైన అడ్డంగా ఒక ఇనుప చెయ్యి, దాని కొసకు గుమ్మడికాయంత ఇనుప గుండు, కిందకు వేలాడే పిడి. పిడి పట్టుకుని ఒక్క ఊపు ఊపితే అచ్చు దిగి రేకు మీద పడుతుంది, వాషర్ తెగి తొట్టెలో పడుతుంది. మొదటి రోజు మొదటి చుట్టులో నేను అక్కడికి వెళ్ళేసరికి స్టూలు మీద మనిషి లేడు. "ఆగి ఉంది" అని రాసుకున్నాను. కలం మూత పెడుతూ తల ఎత్తితే, ఆ ఇనుప చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా, అటూ ఇటూ ఊగుతోంది. గాలికి ఊగే బరువు కాదది. నేను చూస్తుండగానే ఇంకో రెండు ఊపులు ఊగి, ఎవరో చేత్తో పట్టి ఆపినట్టు ఆగిపోయింది.

రెండో చుట్టులోనూ అంతే. మూడోసారి ధైర్యం చేసి స్టూలు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. తొట్టెలో వాషర్లు లెక్కపెట్టాను: పొద్దున కన్నా నూటాపాతిక ఎక్కువ. తలుపు అవతల, రేకుల నీడలో, గోనె సంచుల నోళ్ళు కుడుతూ ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. హాజరు పట్టీలో ఆయన ప్యాకింగు మనిషి. "ఇక్కడెవరైనా పనిచేస్తున్నారాండీ?" అని అడిగాను. ఆయన తలెత్తకుండా, చేతులు సంచిలోకి దూర్చుకుని, "నేనైతే ఎవ్వల్ని జూడలే సార్," అన్నాడు. ఆయన వెనక చెరుకు తోట, గాలి లేకపోయినా, సరసరమంటోంది. ఇంకో సంగతి. నేను షెడ్డు గుమ్మంలో కాలు పెట్టిన ప్రతిసారీ, పైన గోడ పొడవునా పోయే గాలి గొట్టంలో "టంగ్... టంగ్..." అని రెండు చప్పుళ్ళు పుట్టి, చివరిదాకా పాకి, అక్కడ సద్దుమణిగేవి. నేను ఇంజనీర్ని గనక ఆ రోజు డైరీలో "వేడికి గొట్టం సాగుట" అని రాసుకున్నాను. పక్కన ఒక ప్రశ్నార్థకం కూడా పెట్టుకున్నాను.

వారం గడిచింది. మిగతా పది యంత్రాలూ మనుషుల్లాగా ప్రవర్తించాయి: కాసేపు నడవడం, కాసేపు బీడీకి ఆగడం. నాలుగో నంబరు ఒక్కసారి కూడా నడుస్తూ కనపడలేదు. కాని తొట్టె ఏ రోజూ నిండకుండా లేదు. చివరకు మేస్త్రిని అడిగాను. ఆయనది దగ్గర్లోని కోహీర్ ఊరు. అందరూ సీటీ మేస్త్రి అనేవారు. భోజనానికి గంట కొట్టే బదులు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేవాడు (అక్కడ ఈలను సీటీ అంటారు). ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"సార్, జర గా ప్రెస్సు జోలికి పోకున్రి. ఇంతకు ముందు నడిపినాయన పోయిండు."

"ఎక్కడికి?"

"ఎక్కడికంటే ఏం జెప్పాలె సార్? పోయిండు." ఆకాశం వైపు చూపించాడు. "గానీ డ్యూటీ ఇడ్వలే."

"అంటే ఆ చనిపోయినాయన..."

"మంచిగ చేస్తడు సార్. గింత మాట రాలే ఇప్పటిదాకా. బతికున్నోళ్ళే నాగాలు పెడుతున్నరు, ఆయన ఒక్క దినం పెట్టలే. మీరు ఫికర్ చెయ్యకున్రి, రాసుకున్రి మీ కాయితంల, మిషన్ బంద్ ఉన్నదని." అంటూ తన జేబులోంచి ఒక నిమ్మకాయ తీసి నా జేబులో వేశాడు. "ఇది దగ్గర పెట్టుకో సార్. నీ చదువు నీకున్నది, ఇది నా చదువు."

నేను నవ్వేశాను. నవ్వానని డైరీలో కూడా రాసుకున్నాను. కాని నిమ్మకాయ తీసి పారేశానని మాత్రం ఎక్కడా రాయలేదు, ఎందుకంటే పారెయ్యలేదు. ఆ తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మనిషి భయపడితే దండకం చదువుకుంటాడు. నేను లెక్క కట్టాను. తొట్టెలోని వాషర్లను గంటలతో భాగించి, కనపడని ఆ పనివాడి సామర్థ్యం ఎంతో తేల్చాను. షెడ్డులో బతికి ఉన్నవాళ్ళ సగటు కన్నా ఆయనదే మెరుగని వచ్చింది. దాన్ని ఆకుపచ్చ సిరాతో ఒక రేఖాపటంగా గీసి, "ఆపరేటరు" అన్నచోట "తెలియరాలేదు" అని రాసి, ఆదివారం గైడు గారి ముందు పెట్టాను.

గైడు గారు రేఖాపటం చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "బాబూ, నువ్వు చేరింది మేనేజ్‌మెంట్ కోర్సులోనేనా?"

"అవునండీ."

"మరి ఇదేమిటి? ఒక యంత్రం ఎప్పుడూ ఆగే ఉంది. సరుకు మాత్రం సగటు కన్నా ఎక్కువ చేసింది. ఇదే నిజమైతే దేశంలో ఉన్న యంత్రాలన్నీ ఆపేద్దాం, మన కష్టాలు తీరిపోతాయి." అంతలోనే ఆయన గొంతు మారింది. "నాలుగో నంబరు మీద ఎవరు కూర్చుంటున్నారో, ఎలా పనిచేస్తున్నారో నీ కళ్ళతో చూసి రాసుకురా. అది లేకుండా నేను సంతకం పెట్టను. సంతకం లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ మొదటినుంచి."

వచ్చే ఏడాది అంటే ఇంకో యాభై ఆదివారాలు, ఇంకో యాభై బస్సులు. తిరుగు ప్రయాణంలో కిటికీ అద్దంలో నా మొహం, దాని వెనక పరుగెత్తుతున్న చెట్లు, నా మొహంలోంచే ఎవరో మెల్లగా పిడి ఊపుతున్నట్టు ఒక చప్పుడు. అది బస్సు తలుపు గొళ్ళెం అని తర్వాత తెలిసింది. అయినా దిగేదాకా ఆ తలుపు వైపు చూడలేదు.

ఆ రోజుల్లో మా పారిశ్రామిక వాడలో వారానికొక రోజు కరెంటు ఉండేది కాదు. ఆదివారంతో పాటు అదీ మాకు సెలవే. ఆ సెలవు రోజున, మిట్టమధ్యాహ్నం, పాత రికార్డులు చూసుకుందామని షెడ్డు తాళం తీశాను. కరెంటు లేని షెడ్డును ఎప్పుడూ చూసి ఉండని వాళ్ళకు ఎలా చెప్పను? రోజూ గోలపెట్టే పది యంత్రాలు గుడ్డలు కప్పుకుని వరసగా నిలబడి ఉన్నాయి. పైకప్పు సందుల్లోంచి పడ్డ ఎండ కడ్డీల్లో దుమ్ము కదలకుండా వేలాడుతోంది. నూనె వాసన కూడా నిద్రపోతున్నట్టుంది. గుమ్మం దాటాను. ఈసారి గొట్టం చప్పుడు చెయ్యలేదు. నేను రెండడుగులు వేశాక, అటు చివర చీకట్లోంచి వినపడింది.

ధడ్.

ఒక ఊపిరి పీల్చినంత వ్యవధి. మళ్ళీ, ధడ్.

నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. నా చదువు ముందుకు తోసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను (నిశ్శబ్దంగా పరిశీలించడానికి అని డైరీలో ఉంది, పరుగెత్తడానికి వీలుగా అని చదువుకోవాలి). రెండో చేతిలో నిమ్మకాయ. ఒక్కో యంత్రం గుడ్డ పక్కనుంచీ, ఆ గుడ్డ కింద ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపిస్తుంటే, నడిచాను. ధడ్. వాషర్ తొట్టెలో పడ్డ చిన్న చప్పుడు. ధడ్. చివరి స్తంభం వెనక నుంచి తొంగి చూశాను.

గోనె సంచులు కుట్టే పెద్దాయన. గోడ వైపు మొహం, నా వైపు వీపు. ఎడమ చెయ్యి రేకు పట్టీని వెంట్రుకంత తేడా లేకుండా జరుపుతోంది, కుడి చెయ్యి పిడి ఊపుతోంది. అంత నిదానమైన, అంత కచ్చితమైన పని నేను పుస్తకాల్లో కూడా చదవలేదు. దయ్యం కానందుకు నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఎందుకంటే ఆ వీపు, ఆ చేతులు, ఆ లయ... ఇంకెవరో ఆయనలో కూర్చుని చేస్తున్నట్టే ఉంది. ఇరవై దెబ్బలు లెక్కపెట్టాను. అప్పుడు, బుద్ధి ఎక్కడికి పోతుంది, నిమ్మకాయ జేబులో వేసి, అందులోని స్టాప్‌వాచ్ బొత్తాం నొక్కాను. టిక్.

పెద్దాయన తిరిగి చూశాడు. ఆ చూసిన క్షణంలో ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. ముందు వేళ్ళు, తర్వాత మణికట్లు, తర్వాత మోచేతుల దాకా. అప్పటికే ఊపిన ఇనుప చెయ్యి తిరిగి వస్తోంది. రేకు పట్టీ వంకర పోయింది, ఎడమ చెయ్యి అచ్చు కిందకు జారింది. నేను అరిచాననుకుంటాను. ఆయన చెయ్యి లాక్కున్నాడు. అచ్చు పడింది. చొక్కా చేతి అంచు, వాషరంత గుండ్రటి ముక్క, శుభ్రంగా తెగి తొట్టెలో పడింది.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో అదిమి పట్టుకున్నాడు.

"ఎవ్వలన్న చూస్తే గిట్లయితది సార్," అన్నాడు చివరకు. "మూడేండ్ల సంది. ఒక్కన్ని ఉంటే ఏం గాదు. కండ్లు పడితే సాలు, చేతులు నావి గావు."

"అందుకని నేను వచ్చినప్పుడల్లా..."

"గుమ్మం కాడి మిషనోళ్ళు పైపు మీద కొడ్తరు. నేను సంచుల కాడికి ఉరుకుత." ఆయన సిగ్గుగా నవ్వాడు. "నువ్వేమో దినాం ఎనిమిదిసార్లు వస్తివి. ఉరుకుడుకే సరిపోతున్నది. తక్కువవడ్డ పీసులు ఇయ్యాల వచ్చి కొడుతున్న. మేస్త్రి ఎనుక తలుపు తాళంచెవి ఇచ్చిండు."

యంత్రాలు ఎంతసేపు వృథాగా ఆగుతున్నాయో కనిపెట్టడానికి నేను బయలుదేరాను. ఆ యంత్రాన్ని రోజుకు ఎనిమిదిసార్లు ఆపింది నేనేనని అప్పుడు తెలిసింది.

"మేనేజర్ సారుకు చెప్తవా?" అని అడిగాడాయన. అడుగుతూ నా వంక చూడలేదు. "సంచుల పని పేరుకే, మేస్త్రి పట్టీల రాపిచ్చిండు. చెప్తే ప్రెస్సు మీదికెల్లి తీసేస్తరు. వణికేటి చేతులకు ఇంకేం పని ఇస్తరు సార్? ఇంటికే. ఇంక రెండేండ్లున్నది నాకు. ఝరాసంగం నుంచి ఆటోల వేలాడుకుంట వస్త గదా, ఒక్కనాడు గైర్హాజరు లేదు, చూస్కో నీ పట్టీల."

ఆ పట్టీ నాకు బట్టీ వచ్చు. ఆయన మాట నిజం. అటువైపు మా గైడు గారి సంతకం, ఇటువైపు ఈయన రెండేళ్ళు. మధ్యలో, తొట్టెలో, చొక్కా గుడ్డ ముక్క. ఊరుకుంటే ఒకనాడు ఎవరో పొరపాటున తొంగి చూస్తారు, ఆ రోజు తెగేది గుడ్డ కాకపోవచ్చు. చెబితే ఆయన ఇంటికి పోతాడు. మర్నాడు రోజంతా నేను షెడ్డులో ఒక్క చుట్టు కూడా తిరగలేదు. ఇది గమనించి సీటీ మేస్త్రే నా గదికి వచ్చాడు. తెలిసిపోయిందని నా మొహం చూసే అర్థం చేసుకున్నాడు.

"మంచిగుండె గదా సార్ దయ్యం ముచ్చట," అన్నాడు దిగులుగా. "ఎవ్వలికి తక్లీఫ్ లేకుండె. ఎందుకు పోయి చూసిన్రు?"

"చూడకుండా రాయమంటావా?"

"చూస్తేనే రాయాల్నా?" అన్నాడు మేస్త్రి.

ఆయన మామూలుగా అన్న మాటే. నేను మాత్రం ఆ మాట పట్టుకుని లేచాను. సాయంత్రానికి ఒక సిఫారసు తయారుచేశాను: నాలుగో నంబరు ప్రెస్సు వెనక తలుపు దగ్గర ఉన్నందున దుమ్ము పడి అచ్చు పాడయ్యే అవకాశం ఉంది, కాబట్టి చుట్టూ ఆరడుగుల రేకు తెర కట్టాలి, పనివాడు తప్ప ఎవరూ లోపలికి పోరాదు. మేనేజరు గారు చదివి, "చెరుకు తోట దుమ్ము కదా, నిజమే," అని సంతకం పెట్టారు. (నా జీవితంలో ఒక్క ప్రశ్న కూడా లేకుండా ఆమోదం పొందిన సిఫారసు అదొక్కటే. అబద్ధం ఉన్నదీ అదొక్కటే.) తెర లేచింది. పెద్దాయన పేరు ప్యాకింగు పట్టీలోంచి ప్రెస్సు పట్టీలోకి మారింది. గొట్టం మీద చప్పుళ్ళు ఆగిపోయాయి.

మిగిలింది నా ప్రాజెక్టు. రేకు తెరకు ఇవతల స్టూలు వేసుకుని, దానికి వీపు ఆనించి కూర్చునేవాణ్ణి. వీపుకు రేకు చల్లగా తగిలేది. వెనక, జానెడు దూరంలో, ఎవరో ఊపిరి తీసేవారు. ధడ్. ఎవరో నాకు తెలుసు. అయినా ప్రతి దెబ్బకూ నా భుజాలు బిగుసుకునేవి. అదిగో, ఇప్పుడు ఆ చెయ్యి తెర మీదుగా వచ్చి నా భుజం మీద పడుతుందని ఒళ్ళంతా చెవి చేసుకుని ఎదురుచూసేవాణ్ణి. ధడ్. రాసుకునేవాణ్ణి. దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలం, విరామం, మళ్ళీ దెబ్బ. అలా పది రోజులు ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా, ఒక మనిషి పనిని చెవులతో కొలిచాను.

"నీ కళ్ళతో చూడమన్నాను కదా?" అన్నారు గైడు గారు.

"చూస్తే పని మారిపోతోందండీ. అందుకని విన్నాను."

ఆయన చాలాసేపు నా ఆకుపచ్చ సిరా వంక చూశారు. ఏమి అర్థమైందో తెలియదు. "పుస్తకంలో ఈ పద్ధతి లేదు," అని మాత్రం అన్నారు. సంతకం పెట్టారు. రెండో తరగతిలో పాసయ్యాను.

రెండేళ్ళు గడిచాయి. పెద్దాయన ఆఖరి రోజు షెడ్డులో మిఠాయి పంచారు, మేస్త్రి మామూలు కన్నా పొడుగ్గా ఈల వేశాడు. మధ్యాహ్నం మూడు దాటాక నేను తెర పక్కనుంచి, అలవాటు ప్రకారం మొహం అటు తిప్పుకుని, పోతున్నాను. "సార్," అని వినపడింది. రెండు రేకులు పక్కకు జరిపి ఉన్నాయి. పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"రాండ్రి. ఇయ్యాల చూడున్రి."

"వద్దు పెద్దాయనా. చెయ్యి..."

"ఏం గాదు, చూడు సార్. రెండేండ్లు మొఖం తిప్పుకొని పోయినవు. జర ఇటు తిరుగు."

తిరిగాను. మొదట నా చేతులే వణికాయి. ఆయన ఎడమ చేత్తో రేకు జరిపాడు. కుడి చేత్తో పిడి పట్టి, నా కళ్ళలోకి చూస్తూనే, ఊపాడు. ధడ్. మళ్ళీ. మళ్ళీ. వేళ్ళు రాయిలాగా ఉన్నాయి. మేస్త్రి వచ్చాడు, వరస యంత్రాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఇంతమంది కళ్ళ ముందు ఆ చేతులు ఇసుమంత కదలలేదు. "ఎట్ల పెద్దన్నా?" అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి, నాకు దయ్యం కథ చెప్పిన నాటి గొంతుతో. పెద్దాయన నవ్వాడు. "ఇగ నన్ను తీసేయనీకి ఏమున్నదిరా?"

ఆయన దిగి చెప్పులేసుకుని వెళ్ళాక కూడా ఇనుప చెయ్యి కాసేపు ఊగింది. ఎవరమూ పట్టి ఆపలేదు.

ఆ నాటి పేజీ కూడా నిన్న తీసి చూశాను. దెబ్బల లెక్క లేదు, వ్యవధి లేదు, గళ్ళు లేవు. నాలుగు కలాలున్న ఆ కుర్రాడు పేజీ మొత్తానికి "చూశాను" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. పర్వాలేదు, కాస్త మనిషయ్యాడు అనుకుంటుండగా కంటపడింది: మాట పక్కనే చిన్న అక్షరాల్లో, సమయం 3.10.